ఎర్రబడిన కన్ను సాక్ష్యం కాదు

విశాఖపట్నం: “వాడి కళ్ళు చూస్తే తెలియడం లేదూ!” గంజాయి ప్రస్తావన వచ్చినచోటల్లా ముందుగా వినవచ్చే మాట ఇది. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన కొడుకు ముఖంలో తండ్రి ముందుగా చూసేది కళ్ళనే. హాస్టలు వార్డెను అనుమానం మొదలయ్యేదీ అక్కడే. రోడ్డుమీద మోటారు సైకిలు ఆపిన కానిస్టేబులు టార్చిలైటు వేసేదీ కళ్ళమీదే.

గంజాయి తాగినవారి కళ్ళు ఎర్రబడతాయన్నది నిజం. అందులో సందేహం లేదు. కాని కళ్ళు ఎర్రబడిన ప్రతివాడూ గంజాయి తాగినట్లేనా? తెల్లగా వున్న కన్ను కనబడితే ఆ మనిషికి అలవాటు లేనట్లేనా? ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ వైద్యశాస్త్రం అవునని చెప్పడం లేదు. అయినా ఇళ్ళలోను, హాస్టళ్ళలోను కన్నునే సాక్షిగా నిలబెట్టే పద్ధతి సాగిపోతున్నది.

దీనివల్ల జరుగుతున్న నష్టం రెండు విధాలుగా వున్నది. ఏ పాపం ఎరుగని కుర్రవాడు కండ్లకలకతోనో, నిద్రలేమితోనో కళ్ళు ఎర్రజేసుకుని వస్తే తులసివనంలో గంజాయి మొక్క అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఒకసారి పడితే పోవడం కష్టం. ఇక నిజంగా అలవాటుపడినవాడు కళ్ళు తెల్లబరచే చుక్కల మందు కొనుక్కుని ఎవరికీ దొరకకుండా తిరుగుతాడు. అతనికి అందవలసిన వైద్యం అందదు సరికదా, దాచుకోవడానికి వాడే మందు అతని చూపుకే ముప్పు తెచ్చిపెట్టే అవకాశం వున్నది.

కొండ నుండి వీధికి

విశాఖ మన్యం పేరు గంజాయితో ముడిపడి చాలా కాలమైంది. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాల కొండవాలుల్లో సాగైన సరుకు, అందులోను ‘శీలావతి’ రకం, ఇతర రాష్ట్రాల దాకా పోయేది. 2021 చివర ప్రారంభమైన ‘ఆపరేషన్ పరివర్తన’లో పోలీసు, ఎక్సైజు సిబ్బంది సుమారు 7,500 ఎకరాల తోటలను నరికివేశారు. కేసుల్లో పట్టుబడిన 2 లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద తగులబెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 4న మన్యం ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల నిరోధానికి ‘ఈగల్’ అనే ప్రత్యేక పోలీసు విభాగాన్ని నెలకొల్పింది. సమాచారం ఇవ్వదలచినవారికి 1972 అనే ఉచిత ఫోను నంబరు ఏర్పాటు చేసింది.

తోటలు తగ్గినంత మాత్రాన సమస్య తీరలేదు. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ జిల్లాల సరుకు ఇదే దారిన దిగుతున్నది. కొండ మీద పండించేవాడి మీద, లారీలో తరలించేవాడి మీద ఇంతకాలం నిలిచిన చూపు ఇప్పుడు పట్నం వీధుల్లో తాగేవాడి మీదకు కూడా మళ్ళింది. పండించేవాడి నేరానికి తోట సాక్ష్యం. తరలించేవాడి నేరానికి మూట సాక్ష్యం. తాగినవాడి వద్ద ఆ రెండూ వుండవు. అందుకే అందరి దృష్టీ కళ్ళమీద పడుతున్నది.

తాగేవారి సంఖ్య తక్కువేమీ కాదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపిన జాతీయ సర్వే 2019 ఫిబ్రవరిలో వెలువడింది. దేశంలో 10 నుండి 75 ఏళ్ళ మధ్య వయసుగలవారిలో నూటికి 2.8 మంది, అంటే సుమారు 3 కోట్ల 10 లక్షల మంది, ఆ ముందటి ఏడాదికాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి సేవించినట్లు అందులో తేలింది. వీరిలో సుమారు 72 లక్షల మందికి ఈ అలవాటు విషయంలో సహాయం అవసరమని ఆ నివేదిక అంచనా వేసింది. అంటే సేవించేవారిలో అయిదవవంతు కంటే ఎక్కువమంది.

ఎరుపు ఎందుకు వస్తుంది?

గంజాయి పొగ కంట్లో పడినందువల్లనే కళ్ళు ఎర్రబడతాయని చాలామంది అనుకుంటారు. పొగ కొంత మండించే మాట నిజమేగాని, అసలు కారణం అది కాదు. భంగు పాలల్లో కలుపుకుని తాగినవారికీ, లేహ్యంగా తిన్నవారికీ కూడా కళ్ళు ఎర్రబడతాయి. అక్కడ పొగ ఎక్కడిది?

గంజాయిలో మత్తు కలిగించే ముఖ్యపదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రాఫెల్ మెషూలం, యెహియెల్ గవోని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణం తేల్చారు. దానిని పొట్టిగా టి.హెచ్.సి. అంటారు. ఇది రక్తంలో కలిసి దేహమంతా తిరుగుతుంది. మెదడులోనే కాక రక్తనాళాల్లోను, కంటిలోను దీనిని అందుకునే ప్రత్యేక గ్రాహకాలు వున్నాయి. తాళంచెవి తాళంలో పట్టినట్లు ఇది వాటిలో ఇమిడిపోతుంది. అప్పుడు సన్నని రక్తనాళాల గోడలు సడలి, నాళాలు వెడల్పవుతాయి.

కంటి తెల్లగుడ్డును కప్పుతూ పారదర్శకమైన పలుచని పొర ఒకటి వుంటుంది. ఆ పొరలో వెంట్రుకలకన్న సన్నని రక్తనాళాలు ఎన్నో వున్నాయి. మామూలు స్థితిలో అవి కంటికి ఆనవు. వెడల్పయి రక్తం నిండేసరికి తెల్లని గుడ్డుపై ఎర్రని జీరలు తేలుతాయి. దేహంలో మరికొన్ని చోట్ల కూడా నాళాలు ఇలాగే సడలుతాయి. కాని వాటిమీద చర్మం కప్పి వుంటుంది. కన్ను ఒక్కటే బట్టబయలుగా వున్నందున గుట్టు అక్కడ బయటపడుతుంది.

పొగ పీల్చినవారికి ఈ ఎరుపు కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది. భంగు తిన్నవారికి జీర్ణాశయం గుండా రక్తంలో కలియాలి కనుక గంట, రెండు గంటలు పట్టవచ్చు. సాధారణంగా కొన్ని గంటల్లో అది తగ్గిపోతుంది. రాత్రి తాగినవాడి కళ్ళు తెల్లవారేసరికి మామూలుగానే కనబడవచ్చు. ఎరుపు ఎంత వస్తుందన్నది తాగిన మోతాదును బట్టి, సరుకు ఘాటును బట్టి, మనిషిని బట్టి మారుతుంది. ఇద్దరు కలిసి తాగినా ఇద్దరి కళ్ళూ ఒకేలా వుండవు.

తడి ఆరిన కన్ను

ఎరుపుతోపాటు వచ్చే రెండవ బాధ కళ్ళు పొడిబారడం. గంజాయి తాగినవారికి నోరు ఎండుకుపోవడం అందరికీ తెలిసిన విషయమే. లాలాజల గ్రంథులమీద టి.హెచ్.సి. చూపే ప్రభావమే అందుకు కారణం. కన్నీటి గ్రంథిలోనూ అదే జాతి గ్రాహకాలు వున్నాయి. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలపై జరిపిన పరీక్షల ఫలితాలను 2020లో ప్రచురించారు. టి.హెచ్.సి. ఇచ్చిన మగ ఎలుకల్లో కన్నీరు తగ్గింది. ఆడ ఎలుకల్లో మాత్రం తగ్గలేదు. మనుషుల విషయంలోనూ స్త్రీ పురుష భేదం ఇలాగే వుంటుందని దీనినిబట్టి తీర్మానించలేము. అయితే కంటి పొడికి పొగ ఒక్కటే కారణం కాదని, మత్తుపదార్థం నేరుగా కన్నీటి గ్రంథి మీదనే పనిచేస్తుందని ఈ పరీక్షలు సూచిస్తున్నాయి.

కన్నీరంటే ఏడుపులో కారేది మాత్రమే కాదు. రెప్ప వేసినప్పుడల్లా నల్లగుడ్డుమీద పరచుకునే పలుచని తడిపొర కంటికి కవచం వంటిది. అది దుమ్మును కడిగివేస్తుంది, క్రిములను అడ్డుకుంటుంది, చూపును స్వచ్ఛంగా నిలుపుతుంది. ఆ పొర పలచబడితే కంట్లో ఇసుక పడ్డట్లు గరగరలాడుతుంది, మంట పుడుతుంది, చూపు మసకబారుతుంది. ఒక్కొక్కప్పుడు కన్ను ఎండిన కొద్దీ ఆ రాపిడికి నీరు ధారగా కారుతుంది. కన్ను పొడిబారిందంటే “నీళ్ళు కారుతుంటే పొడి ఎక్కడిది?” అని రోగులు అడిగేది ఇందుకే.

ఎప్పుడో ఒకసారి తాగినవారికి ఈ పొడి కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. రోజూ తాగేవారి కన్నుకు ఆ విరామం దొరకదు. దానికితోడు కోస్తా ఎండ, రోడ్డు దుమ్ము, గంటల తరబడి ఫోను తెర వైపు రెప్ప వేయకుండా చూసే అలవాటు కలిస్తే బాధ ముదురుతుంది. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవారికి మరింత ఇబ్బంది.

అమెరికా పోలీసుల పాత పొరపాటు

కంటిని చూసి నేరం తేల్చే ప్రయత్నం కొత్తది కాదు. గంజాయి తాగితే కంటిపాప విప్పారుతుందని అమెరికా పోలీసులు ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నేత్రవైద్యుడు రాబర్ట్ హెప్లర్, ఆయన సహచరులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి గంజాయి ఇచ్చి పరీక్షించారు. పాప విప్పారడం మాట అటుంచి, స్వల్పంగా కుంచించుకుపోయినట్లు 1972లో వారు ప్రకటించారు. ఆ తరువాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో కుంచించుకుంది, కొన్నింటిలో విప్పారింది. అంటే అప్పటిదాకా ఎంతో నమ్మకంగా వాడిన గుర్తు గట్టి ఆధారం కాదని తేలింది.

ఎరుపు విషయం అంత అనిశ్చితం కాదు. గంజాయి కళ్ళను ఎర్రబరచడం పదేపదే రుజువైనది. చిక్కల్లా మరోచోట వున్నది. గంజాయి ఒక్కటే కళ్ళను ఎర్రబరచదు.

ఎర్ర కంటికి ఎన్నో కారణాలు

2023 వర్షాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోను కండ్లకలక వ్యాపించి, హాస్టళ్ళలో, బడులలో పిల్లలు గుంపులుగా కళ్ళు ఎర్రబడి బాధపడ్డారు. ఆ రోజుల్లో ఎర్ర కన్ను కనబడితే ఎవరూ గంజాయి అనలేదు. రోగం పేరు అందరి నోళ్ళలో వుండటమే కారణం. అదే కన్నుతో ఒక్కడే కుర్రవాడు మరో నెలలో కనబడితే అనుమానం వేరే దారి పడుతుంది.

గాజువాక ఆటోనగర్ వర్కుషాపుల్లో అద్దం అడ్డం లేకుండా వెల్డింగు చేసినవాడికి కొన్ని గంటలు గడిచాక కళ్ళు ఎర్రబడి భగభగ మండుతాయి. విశాఖ పాతనగరంలో పోర్టు బొగ్గు ధూళి, సిమెంటు పనుల్లో దుమ్ము, గుంటూరు యార్డులో మిరప ఘాటు, మన్యం ఇళ్ళలో కట్టెల పొయ్యి పొగ చేసే పని కూడా ఇదే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కార్మికుడు, తెల్లవార్లూ లారీ నడిపిన డ్రైవరు, పరీక్షలకు నిద్ర మాని చదివిన విద్యార్థి కళ్ళూ ఎర్రగానే వుంటాయి. మద్యం తాగినా ఎర్రబడతాయి. గట్టిగా దగ్గినా, వాంతి చేసుకున్నా ఒక సన్నని నాళం చిట్లి తెల్లగుడ్డు మీద నెత్తుటి మరక ఏర్పడుతుంది. చూడటానికి భయంకరమే అయినా అది సాధారణంగా తనంతట తానే తగ్గిపోతుంది.

వీటికన్న ముఖ్యంగా గుర్తించవలసినవి ఆలస్యమైతే చూపు తీసే రోగాలు. వరి ఆకు గీసుకునో, పుల్ల గుచ్చుకునో నల్లగుడ్డుమీద పుండు పడితే కన్ను ఎర్రబడుతుంది. కంటి లోపలి పొరలు వాచినా ఎర్రబడుతుంది. కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగే ఒక రకం నీటికాసుల జబ్బులో ఎరుపుతోపాటు భరించలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడతాయి. నొప్పి వున్నా, చూపు తగ్గినా, వెలుతురు భరించలేకపోయినా అది గంజాయి ఎరుపు అనుకుని ఊరుకోరాదు. గంజాయి వల్ల వచ్చే ఎరుపులో సాధారణంగా పెద్ద నొప్పి వుండదు, రెండు కళ్ళూ సమానంగా ఎర్రబడతాయి. ఒక కన్నే ఎర్రబడి నొప్పి పెడుతుంటే ఆ రోజే కంటి వైద్యుడికి చూపించాలి. పుండు పడిన కన్నుతో వచ్చిన పిల్లవాడిని వార్డెను నిలదీస్తూ రెండు రోజులు గడిపితే ఆ రెండు రోజులే అతని చూపు ఖరీదు కావచ్చు.

చుక్కల మందు చాటున

కన్ను చూసి పట్టుకుంటారన్న భయం అలవాటుపడినవారికి నేర్పిన పాఠం ఒకటే: కన్ను తెల్లబరచుకోవడం. మందుల దుకాణాల్లో ఇందుకు దొరికే చుక్కలు ముఖ్యంగా రెండు తరహాలు.

మొదటివి నాఫజొలిన్ వంటి మందులు గలవి. ఇవి విప్పారిన నాళాలను బిగబట్టి ఎరుపును కొద్దిసేపు మాయం చేస్తాయి. కంటి పొడిని తగ్గించవు. కొద్ది రోజులు వరసగా వాడితే, మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికన్న ఎక్కువగా విప్పారి, ఎరుపు రెట్టింపై తిరిగి వస్తుంది. దానిని దాచడానికి మళ్ళీ చుక్కలు వేయాలి. గంజాయి మానినా చుక్కలు మానలేని స్థితి ఈ విధంగా ఏర్పడుతుంది.

రెండవవి స్టెరాయిడ్ కలిసినవి. ప్రమాదమంతా వీటితోనే. డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి కన్ను ఎరుపును, మంటను త్వరగా అణచివేస్తాయి కనుక వాడినవారికి అద్భుతంగా తోస్తాయి. వారాల తరబడి వాడితే సుమారు మూడవవంతు మందిలో కంటి లోపలి ఒత్తిడి ఎంతో కొంత పెరుగుతుంది. కొందరిలో విపరీతంగా పెరిగి కంటినరం దెబ్బతింటుంది. ఇది కూడా నీటికాసులే. అయితే ఇందులో నొప్పి వుండదు. చూపు అంచుల నుండి తరిగిపోతుంటే రోగికే తెలియదు. తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు. చిన్న వయసులోనే శుక్లాలు ఏర్పడటం మరో ఫలితం. కంట్లో బూజు జాతి క్రిములతో పుండు వున్నప్పుడు ఈ చుక్కలు వేస్తే అగ్నికి ఆజ్యం పోసినట్లే.

ఇవి వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూలు ‘హెచ్’ మందులు. నిబంధన కాగితం మీద వున్నంత గట్టిగా కౌంటరు వద్ద లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. “కళ్ళు ఎర్రబడ్డాయి, ఏదైనా ఇవ్వండి” అంటే సీసా చేతికి వచ్చే పరిస్థితి వున్నంతకాలం గంజాయి తాగేవారే కాదు, దుమ్ము పడిన కన్నుతో వచ్చిన రైతు, వెల్డరు కూడా అదే ప్రమాదంలో వున్నట్లు లెక్క. మాదకద్రవ్యాల నిరోధంపై జరిగే సభల్లో ఈ అంశం చర్చకు రావలసి వున్నది.

కంటికి మంచిదన్న ప్రచారం

గంజాయి కంటికి మేలు చేస్తుందని, నీటికాసులకు మందని వాదించేవారూ లేకపోలేదు. ఈ మాటకు ఆధారం కూడా హెప్లర్ పరిశోధనలోనే వున్నది. గంజాయి తాగినవారిలో కంటి లోపలి ఒత్తిడి తగ్గినట్లు ఆయన, ఐరా ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో ప్రకటించారు. అది నిజమే. కాని ఆ తగ్గుదల మూడు, నాలుగు గంటలకు మించి నిలవదు. నీటికాసుల రోగికి ఒత్తిడి ఇరవైనాలుగు గంటలూ అదుపులో వుండాలి. అందుకు రోజుకు ఆరు నుండి ఎనిమిదిసార్లు తాగవలసి వస్తుంది. అంత మత్తులో మనిషి ఏ పనికీ పనికిరాడు. పైగా గంజాయి రక్తపోటును తగ్గించినప్పుడు కంటినరానికి రక్తప్రసారం తగ్గి, కీడు జరగవచ్చన్న అనుమానం కూడా వున్నది. అందుచేతనే అమెరికా నేత్రవైద్యుల అకాడమీ ఈ చికిత్సను సిఫారసు చేయడం లేదు. రోజుకు ఒకటి, రెండుసార్లు వేసుకునే సాధారణ చుక్కల మందులు ఇంతకన్న చక్కగా, ఎక్కువసేపు పనిచేస్తాయి.

చట్టం ఏమంటున్నది?

ఒకప్పుడు దేశంలో గంజాయి ప్రభుత్వ లైసెన్సు పొందిన దుకాణాల్లో అమ్మేవారు. 1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చిన తరువాత గంజాయి నేరమైంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగాలు. పూత లేని ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. ఈ తేడావల్లనే భంగు కొన్ని రాష్ట్రాల్లో నేటికీ లైసెన్సుపై అమ్ముతున్నారు. కంటికి మాత్రం ఈ తేడా తెలియదు. ఆకు అయినా, పూత అయినా ఎరుపు ఒక్కటే.

కిలో వరకు గంజాయిని చట్టం స్వల్ప పరిమాణంగా లెక్కిస్తుంది. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్ళ నుండి ఇరవై ఏళ్ళ కఠినశిక్ష, లక్ష నుండి రెండు లక్షల రూపాయల జరిమానా. సేవించినందుకు 27వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సేవించాడన్నది కన్ను చూసి రుజువయ్యేది కాదు. అందుకు లాలాజలం, రక్తం, మూత్రం వంటి పరీక్షలు కావాలి. వాటికీ హద్దులు వున్నాయి. మూత్ర పరీక్షలో ఎప్పుడో ఒకసారి తాగినవాడికి సుమారు మూడు రోజుల దాకా, నిత్యం తాగేవాడికి ఒక్కొక్కప్పుడు నెల దాటినా ఆనవాళ్ళు కనబడవచ్చు. అంటే ఆ పరీక్ష తాగాడని చెబుతుందేగాని, ఆ క్షణంలో మత్తులో వున్నాడని చెప్పదు. ప్రయోగశాల పరీక్షకే ఇంత పరిమితి వున్నప్పుడు టార్చిలైటు వెలుగులో చూసిన ఎరుపుకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించవలసి వున్నది.

అదే చట్టంలో అంతగా ప్రచారం లేని మరో సెక్షను 64-ఏ. అలవాటుపడినవాడు సేవించిన నేరానికో, స్వల్ప పరిమాణం దగ్గర వున్న నేరానికో గురైనప్పుడు తనంతట తాను ముందుకు వచ్చి, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన వైద్యశాలలో చికిత్స పొందితే, ఆ నేరానికి అతనిపై ప్రాసిక్యూషన్ వుండదు. చికిత్స పూర్తి చేయకపోతే మాత్రం ఈ రక్షణ పోతుంది. 39వ సెక్షను ప్రకారం ఇటువంటివారిని శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు వున్నది. జైలు భయంతో కన్ను దాచుకునే కుర్రవాళ్ళకు, పరువు భయంతో నోరు మూసుకునే తల్లిదండ్రులకు ఈ వెసులుబాటు సంగతి చెప్పవలసిన అవసరం ఎంతైనా వున్నది. గోడలమీద శిక్షల వివరాలు రాసినంత పెద్ద అక్షరాల్లో ఇదీ రాయవచ్చు.

జరగవలసినది

హాస్టళ్ళలో, కళాశాలల్లో ఎర్ర కన్నుతో కనబడిన విద్యార్థిని నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించడం ముందుగా మానాలి. అతనిని పంపవలసిన మొదటి చోటు కంటి వైద్యుడి వద్దకు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వున్నది. కండ్లకలక అయితే మందు దొరుకుతుంది, మిగిలినవారికి అంటకుండా జాగ్రత్తపడవచ్చు. పుండు అయితే చూపు దక్కుతుంది. ఏ కంటి జబ్బూ లేదని తేలి, ఎరుపు పదేపదే కనబడుతుంటే అప్పుడు ఆలోచించవలసిన విషయాలు వేరే వున్నాయి. డబ్బు లెక్క తెలియకుండా పోవడం, నిద్రవేళలు తారుమారు కావడం, పాత స్నేహితులు దూరమై కొత్తవారు చేరడం, చదువుపై ఆసక్తి పోవడం, బట్టలకు పచ్చి ఆకు కాలిన వాసన, చెప్పలేని చిరాకు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా రుజువు కాదు. అన్నీ కలిసివస్తే కూర్చోబెట్టి మాట్లాడవలసిన సమయం వచ్చిందని అర్థం.

మాట్లాడేటప్పుడు “నీ కళ్ళే చెబుతున్నాయి” అని మొదలుపెడితే కుర్రవాడు మరునాటి నుంచి చుక్కల సీసా జేబులో పెట్టుకుంటాడు. “కళ్ళు మండుతున్నాయా, నిద్ర పడుతున్నదా?” అని అడిగిన తల్లికి నిజం చెప్పే అవకాశం ఎక్కువ.

గంజాయి అలవాటుకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స. మానిన మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఎక్కువగా వుంటాయి. చాలామందికి రెండు మూడు వారాల్లో అవి తగ్గుతాయి. ఆ రోజుల్లో తోడు నిలిచేవారు లేకనే ఎందరో మళ్ళీ మొదటికి వస్తారు. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఇటువంటివారికి చికిత్స లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వం నిర్వహించే 14446 ఫోను నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా సలహా కోరవచ్చు. 1972 నంబరును అమ్మేవాడి గురించి చెప్పడానికి ఎంత ప్రచారం చేస్తున్నారో, 14446 నంబరును తాగేవాడిని కాపాడుకోవడానికి అంత ప్రచారం చేయడం ఉచితం.

ఔషధ నియంత్రణ అధికారులు స్టెరాయిడ్ చుక్కల అమ్మకాలపై దృష్టి సారించాలి. కళాశాలల్లో ఏర్పడుతున్న మాదకద్రవ్య వ్యతిరేక సంఘాల సమావేశాలకు పోలీసు అధికారితోపాటు ఒక కంటి వైద్యుడిని కూడా పిలవడం మేలు. కేసు పెడతారన్న హెచ్చరిక చెవిన పెట్టనివాడు కూడా చూపు పోతుందంటే ఒక క్షణం ఆగుతాడు.

కొండమీద తోటలను నరకడానికి కత్తి చాలింది. ఇంట్లో కూర్చున్న కుర్రవాడి విషయంలో ఓపిక, వైద్యం కావాలి. ఎర్రబడిన కన్ను అడిగేది ముందు డాక్టరును. కేసు సంగతి తరువాత చూడవచ్చు.